చిన్న ఊరి సినగాగ్‌కి వెళ్లాలంటే, అక్కడ కలిసిపోవాలంటే

పోయిన నెల మా చిన్నాన్నగారి అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి ఇండియానాలో తనతో పనిచేసే అమ్మాయిని చేసుకుంటున్నాడు. ఆ అమ్మాయివాళ్లు యూదులు. "శుక్రవారం సాయంత్రం వాళ్ల సినగాగ్‌కి రమ్మన్నారక్కా. ఏం కట్టుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి, బొట్టు పెట్టుకోవచ్చా?" అని ఒకటే టెన్షన్. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. నన్ను అడగడానికి కారణం ఉంది. మా ఆయన యూదుడు. ఇరవై రెండేళ్లుగా ఒహాయోలో ఒక చిన్న ఊరి సినగాగ్‌తోనే మా ఇంటి మంచీ చెడూ అన్నీ. నేను మతం మారలేదు. పిల్లలిద్దరూ అక్కడే చదువుకుని, పదమూడో ఏట అక్కడే వాళ్ల పవిత్ర గ్రంథం తోరా చదివారు. మా చెల్లెలికి ఆ రోజు గంటసేపు చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. పెళ్లి సంబంధం వల్లయినా, ఆఫీసు స్నేహం వల్లయినా, పక్కింటివాళ్ల పిలుపు వల్లయినా మీరు అలాంటి చోటికి వెళ్లాల్సి వస్తే పనికొస్తుంది.

ముందు ఒక మాట. యూదుల్లో శాఖలున్నాయి. నేను చెప్పేది ప్రగతిశీల శాఖ గురించి. అమెరికాలో దీన్ని ఎక్కువగా రిఫార్మ్ అంటారు, బ్రిటన్‌లో రిఫార్మ్, లిబరల్ అన్న పేర్లు వింటారు. ఇక్కడ ఆడా మగా కలిసి కూర్చుంటారు. ఆడవాళ్లు కూడా రబ్బీలు, అంటే మతగురువులు, అవుతారు. అమెరికాలో మొదటి మహిళా రబ్బీ శాలీ ప్రీసాండ్‌కి 1972లో ఆ పట్టా ఇచ్చారు. తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు అన్న పాత నియమాన్ని అమెరికా రిఫార్మ్ రబ్బీలు 1983లో సడలించారు. తండ్రి యూదుడైనా, బిడ్డను యూదుగా పెంచితే ఒప్పుకుంటామన్నారు. నా పిల్లలకు ఆ సినగాగ్‌లో చోటు దొరికింది ఆ నిర్ణయం వల్లే. సంప్రదాయ శాఖవాళ్లు దీన్ని ఒప్పుకోరు, వాళ్ల పద్ధతులు వేరు. కాబట్టి మీరు వెళ్లేది ఏ శాఖ అన్నది మొదటే తెలుసుకోండి.

ఇక "చిన్న" అంటే ఎంత చిన్నదో చెప్పాలి. మాది నలభై కుటుంబాల సమాజం. మామూలు శుక్రవారం పదిహేనుమంది వస్తే బాగా వచ్చారనుకుంటాం. పూర్తికాలం రబ్బీని పెట్టుకునే స్తోమత లేదు. చాలా ఏళ్లపాటు సిన్సినాటిలోని హీబ్రూ యూనియన్ కాలేజీ నుంచి విద్యార్థి రబ్బీలు నెలకు రెండు వారాంతాలు వచ్చేవారు. 1875లో మొదలైన ఆ కాలేజీ మా చుట్టుపక్కల చిన్న ఊళ్లన్నింటికీ అలాగే సాయపడింది. మిగతా వారాలు ప్రార్థన నడిపేది ఊళ్లోవాళ్లే. ఒక వారం పళ్ల డాక్టరు, ఒక వారం స్కూలు టీచరు. ఇలాంటి చోట వెనక బెంచీలో కూర్చుని చూసి వెళ్లిపోవడం కుదరదు. లోపల అడుగుపెట్టిన అయిదు నిమిషాలకే మీ పేరు అందరికీ తెలుస్తుంది.

ముందు ఫోన్ చేయండి

మన గుళ్లకు వెళ్లినట్టు తలుపు తోసుకుని వెళ్లడానికి ఉండదు. తలుపు తాళం వేసి ఉంటుంది, బయట కెమెరా ఉంటుంది, ఒక్కోసారి పోలీసు కూడా నిలబడి ఉంటాడు. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో శనివారం ఉదయం ప్రార్థనకు వచ్చిన పదకొండుమందిని కాల్చి చంపారు. 2022 జనవరి 15న టెక్సస్‌లోని కాలీవిల్‌లో, మనవాళ్లు వేలమంది ఉండే డాలస్ పక్కనే, చలిలో వచ్చిన కొత్త మనిషిని రబ్బీ లోపలికి పిలిచి టీ ఇస్తే, అతను తుపాకీ తీసి ఆయనతో సహా నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. దాదాపు పదకొండు గంటలు సాగిన ఆ ఘటనలో బందీలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఇవి మనసులో పెట్టుకుంటే, తలుపు దగ్గర మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగినప్పుడు నొచ్చుకోరు.

మిమ్మల్ని పిలిచినవాళ్ల చేత ముందుగానే మీ పేర్లు చెప్పించండి. ఎవరూ పిలవకుండా మీ అంతట మీరే వెళ్లదలిస్తే వారం మధ్యలో ఆఫీసుకి ఫోన్ చేసి, ఎవరు మీరు, ఎందుకు రావాలనుకుంటున్నారు చెప్పండి. "తప్పకుండా రండి" అంటారు. పెద్ద బ్యాగులు వద్దు. పదినిమిషాలు ముందే చేరండి, ప్రార్థన మొదలయ్యాక తలుపు తీయడానికి ఒకరు లేచి రావాల్సి వస్తుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులోనే ఉంచండి. శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం దాకా ఉండే విశ్రాంతి దినాన ఫొటోలు తీయడం చాలామందికి నచ్చదు. పైగా ఎవరెవరు వస్తున్నారో బయట కనపడటం వాళ్లకు భద్రత సమస్య కూడా.

లోపల ఎలా ఉండాలి

చీర కట్టుకోవచ్చు, బొట్టు పెట్టుకోవచ్చు. చెప్పులు విప్పకండి. మొదటిసారి నేను చెప్పుల స్టాండ్ కోసం గుమ్మం దగ్గర వెతికాను. ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని "చలికి కాళ్లు గడ్డకడతాయి తల్లీ" అన్నట్టుగా లోపలికి తీసుకెళ్లారు. మగవాళ్ల కోసం గుమ్మం దగ్గర బుట్టలో చిన్న గుండ్రటి టోపీలుంటాయి, కిప్పా అంటారు. ఒకటి తీసి తల మీద పెట్టుకోవడం మర్యాద. ఆడవాళ్లు పెట్టుకోవచ్చు, మానవచ్చు. అంచుల్లో దారపు ముడులున్న శాలువాలు వేలాడుతుంటాయి, అవి తల్లీత్‌లు. యూదులు మాత్రమే వేసుకుంటారు, మీరు తీసుకోవద్దు.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. స్వస్తిక్ గుర్తు ఉన్న లాకెట్టు, కుంకుమ భరిణె, పెళ్లి శుభలేఖ, పూజ చేసిన కొత్త కారు మీద గుర్తు, ఏదైనా సరే, ఆ ఆవరణలోకి రానివ్వకండి. అది మనకెంత మంగళకరమో వాళ్లలో చాలామందికి ఈ పాటికి తెలుసు. అయినా అక్కడ కూర్చున్నవాళ్లలో తాత ముత్తాతలను ఆ గుర్తున్న నాజీ జెండా కింద పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. వివరించి ఒప్పించే సందర్భం అది కాదు. శుభలేఖ ఇవ్వాలంటే వాళ్ల కోసం గుర్తు లేకుండా పది కాపీలు వేయించండి. మా చెల్లెలు అదే పని చేసింది.

ప్రార్థన పుస్తకం కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది. హీబ్రూ పక్కనే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ, అర్థం ఉంటాయి కాబట్టి రెండో వారానికే పాటలో గొంతు కలపగలుగుతారు. అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. విశ్రాంతి దినాన్ని పెళ్లికూతురిలా ఆహ్వానించే పాట ఒకటుంది. దాని ఆఖరి చరణానికి అందరూ గుమ్మం వైపు తిరిగి, వంగి నమస్కరిస్తారు. ఆ క్షణంలో మీరొక్కరే ముందుకు చూస్తూ ఉండిపోకుండా పక్కవాళ్లను గమనించండి. తెలుగు క్రైస్తవులకు "ఇశ్రాయేలూ వినుము" అన్న మాట ద్వితీయోపదేశకాండం నుంచి తెలిసే ఉంటుంది. అదే షెమా అనే ప్రార్థన. కళ్లు మూసుకుని, చేతితో కప్పుకుని పలుకుతారు. ఒక జాగ్రత్త: మన తెలుగు బైబిల్లో ఉన్నట్టు "యెహోవా" అని పైకి అనకండి. ఆ నాలుగక్షరాల పేరును వాళ్లు పలకరు, దాని బదులు "అదొనాయ్" అంటారు.

తోరా చుట్టను అందరి మధ్య తిప్పుతారు. అది చేత్తో తోలు మీద రాసిన ప్రతి, మూడు లక్షలకు పైగా అక్షరాలు. ఒట్టి చేత్తో ముట్టుకోరు. పుస్తకం అంచుతోనో శాలువా కొసతోనో తాకి, ఆ కొసను పెదవులకు ఆనించుకుంటారు. మీరు గౌరవంగా నిలబడితే చాలు. మా దగ్గరున్న చుట్టలలో ఒకటి చెక్ దేశపు ఊరిది. నాజీల కాలంలో ఖాళీ అయిపోయిన సినగాగ్‌ల నుంచి ప్రాగ్‌లో పోగుపడిన 1,564 చుట్టలను 1964 ఫిబ్రవరిలో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ సినగాగ్‌కి తెచ్చి, బాగుచేసి, ప్రపంచంలో ఎన్నో సమాజాలకు అప్పుగా ఇచ్చారు. ఒక్కోదానికి ఒక నంబరుంటుంది. మా పిల్ల పదమూడో ఏట చదివింది ఆ చుట్టలోంచే. ముందు రోజు రాత్రి వెండి పుల్లతో, దాన్ని యాద్ అంటారు, వరస వెంట కదుపుతూ సాధన చేస్తుంటే, నేను పక్కన కూర్చుని ఆ సిరాను చూశాను. ఒకచోట అక్షరాలు వెలిసి గోధుమ రంగుకి తిరిగాయి. ఆ ఊళ్లో ఇప్పుడు దాన్ని చదివేవాళ్లు ఎవరూ లేరు. మీరు వెళ్లిన చోట అలాంటి చుట్ట ఉందేమో అడగండి. ఆ ఊరి పేరు చెప్పి, మీకు చూపిస్తారు.

వంట, వడ్డన

మనవాళ్లు బాగా పనికొచ్చేది ఇక్కడే. పొరపాట్లు జరిగేదీ ఇక్కడే.

ప్రార్థన అయ్యాక అందరూ హాల్లో చేరి ఏదో ఒకటి తింటారు. దాన్ని ఒనెగ్ అంటారు, సంతోషం అని అర్థం. ముందు ద్రాక్షసారా గ్లాసు ఎత్తి మంత్రం చెబుతారు, తర్వాత హల్లా రొట్టెలకు. జడలా అల్లిన ఆ రెండు రొట్టెల మీద గుడ్డ కప్పి ఉంటుంది. మొదటి గౌరవం ద్రాక్షసారాకి దక్కుతుంటే రొట్టె చిన్నబుచ్చుకోకుండా అలా కప్పుతారని పిల్లలకు చెబుతారు. రొట్టె మంత్రం అయ్యేదాకా ఏమీ నోట్లో వేసుకోకండి. పిల్లలు వెంట ఉంటే వాళ్లకు ముందే చెప్పండి.

మొదటిసారి ఒట్టి చేతులతో వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. రెండోసారి నుంచి ఏదైనా తీసుకెళ్లాలనిపిస్తే, "మీ వంటింటి నియమాలేమిటి?" అని ముందు అడగండి. ఒక్కో సమాజానిది ఒక్కో పద్ధతి. చాలా చిన్న సినగాగ్‌లు గొడవ లేకుండా వంటిల్లు మొత్తం మాంసం లేకుండా ఉంచుకుంటాయి. మాంసం, పాలు కలవకూడదు. పంది, రొయ్యలు, పీతలు, పొలుసు లేని చేపలు అసలు రాకూడదు. మీ ఇంటి చికెన్ బిర్యానీ ఎంత బాగున్నా తీసుకెళ్లకండి. ఆ కోడిని వాళ్ల పద్ధతిలో కోసి ఉండదు. జెలటిన్ ఉన్న స్వీట్లు కూడా వద్దు.

ఇన్ని నియమాలకూ సరిపోయే వంట మన దగ్గర తాతల కాలం నుంచి ఉంది, పులిహోర. పాలు లేవు, మాంసం లేదు. పొద్దున చేస్తే రాత్రికి ఇంకా బాగుంటుంది, వేడి చేయనక్కర్లేదు. నెయ్యి వాడకండి, నువ్వుల నూనెతోనో వేరుశనగ నూనెతోనో చేయండి. అప్పుడది పాల వంటల పక్కనా పెట్టొచ్చు, మాంసం పక్కనా పెట్టొచ్చు. అలాంటి వంటకాన్ని వాళ్లు పారెవ్ అంటారు. వేరుశనగపప్పు మాత్రం విడిగా గిన్నెలో పెట్టండి, అలర్జీ ఉన్న పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. చిన్న కార్డు మీద వేసినవన్నీ రాసి గిన్నె ముందు నిలబెట్టండి. నేను మొదట్లో కార్డు పెట్టలేదు. పులిహోర సగం మిగిలిపోయింది. రుచి నచ్చకేమో అని బాధపడ్డాను. అసలు సంగతి, అందులో ఏముందో తెలియక, అడిగితే నేను నొచ్చుకుంటానేమోనని చాలామంది ముట్టుకోలేదు. కార్డు పెట్టిన వారం గిన్నె ఖాళీ.

పస్కా పండుగ రోజుల్లో లెక్క మారుతుంది. ఆ వారం పులిసిన పిండి ఏదీ ఉండకూడదు, గోధుమ విషయంలో మరీ జాగ్రత్త. మనం గమనించనిది ఇంగువ. డబ్బాలో దొరికే ఇంగువపొడిలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. డబ్బా వెనక చదవండి, అనుమానంగా ఉంటే ఇంగువ లేకుండా పోపు పెట్టండి. తూర్పు యూరప్ నుంచి వచ్చిన కుటుంబాల్లో ఆ వారం బియ్యం, పప్పులు, ఆవాలు కూడా మానే ఆచారం ఉంది. రిఫార్మ్‌వాళ్లు చాలామంది దాన్ని వదిలేశారు, కొందరు అమ్మమ్మ మీద గౌరవంతో ఇంకా పాటిస్తారు. కాబట్టి పస్కా విందుకు పిలిస్తే పులిహోర వదిలేసి, ఒక బుట్ట పళ్లు పట్టుకెళ్లండి. అది ఎవరికీ ఇబ్బంది కాదు.

పనిలో దిగండి

చిన్న సమాజంలో కలిసిపోవడానికి దగ్గరి దారి సింకు దగ్గర నిలబడటమే. ఒనెగ్ అయ్యాక గిన్నెలు కడుగుతుంటే పక్కన తుడిచే మనిషి మీ గురించి అడుగుతారు, వాళ్ల గురించి చెబుతారు. హాల్లో కప్పు పట్టుకుని నిలబడి ఏడాదిలో చేసుకోలేని స్నేహం అక్కడ నెలలో అవుతుంది. నాలుగైదుసార్లు వెళ్లాక ఒనెగ్ వంతుల జాబితాలో మీ పేరు రాయించండి. పాల డబ్బా, కాఫీ, రెండు రకాల తినుబండారాలు, ఆఖర్న బల్లలు తుడవడం, అంతే పని. మాట ఇస్తే తప్పకండి. నలభై కుటుంబాల్లో ఒక్కరు రాకపోతే ఆ శుక్రవారం కాఫీ ఉండదు.

శరదృతువులో పర్ణశాలల పండుగ వస్తుంది, సుక్కోత్. యోమ్ కిప్పూర్ ఉపవాసం ముగిసీ ముగియగానే ఆవరణలో పందిరి మొదలుపెడతారు. కప్పు ఆకులతోనో కొమ్మలతోనో వేయాలి, రాత్రి అందులోంచి నక్షత్రాలు కనపడాలి. మా వైపు మొక్కజొన్న చొప్ప వేస్తారు, రైతులు ట్రక్కులో తెచ్చిస్తారు. పెళ్లికి తాటాకు పందిరి వేయడం చూసి పెరిగినవాళ్లం కదా, చొప్ప ఏ వాలుగా పేర్చాలో, పురికొస ఎక్కడ ముడివేయాలో మన చేతులకు తెలుసు. మా నాన్న ఒకసారి ఆ రోజుల్లో మా దగ్గరున్నారు. ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఆ పందిరి దగ్గర నిచ్చెనెక్కి సాయంత్రం దాకా దిగలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు ఆయన కట్టినట్టే కట్టారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. హుండీ ఉండదు, విశ్రాంతి దినాన డబ్బు చేతులు మారదు. సభ్యులు ఏడాదికింత అని ఇస్తారు, ఇవ్వలేనివాళ్లు చెబితే తగ్గిస్తారు. మీరు అతిథిగా ఏదైనా ఇవ్వాలనుకుంటే వారం మధ్యలో చెక్కు పంపండి. మనకు నూట పదహార్లలాగా వాళ్లకు 18 శుభసంఖ్య. ప్రాణం అనే అర్థమున్న ఖాయ్ అన్న మాటలోని రెండక్షరాల విలువ కలిపితే, ఎనిమిదీ పదీ, పద్దెనిమిది. అందుకని 18, 36, 54, 180 డాలర్లు రాస్తారు. బార్ మిట్జ్వా, అంటే పదమూడో ఏట తోరా చదివే వేడుక, బహుమతికి కూడా అదే లెక్క.

శనివారం ఉదయం తోరా పాఠం ఉంటే తప్పకుండా వెళ్లండి. మన ప్రవచనాల్లో ఒకరు చెబితే మిగతావాళ్లు వింటారు. ఇక్కడ ప్రతి వాక్యం దగ్గరా ఎవరో ఒకరు ఆపుతారు. అబ్రాహాము చేసింది న్యాయమేనా అని ఎనభై ఏళ్లావిడ, హైస్కూలు కుర్రాడు సమానంగా వాదించుకుంటారు. మీకు సందేహం వస్తే అడగండి. అడిగితేనే వాళ్లకు సంతోషం.

అడిగేవి, అనకూడనివి

"ఇండియాలో యూదులున్నారా?" అని తప్పకుండా అడుగుతారు. నాలుగు సంగతులు తెలిసుండటం మంచిది. కొచ్చిలో పరదేశి సినగాగ్ 1568లో కట్టింది. కొంకణ తీరంలో బెనె ఇశ్రాయేలీలు తరతరాలుగా మరాఠీ మాట్లాడుతూ బతికారు. ముంబయిలో 1925లో డాక్టర్ జెరూషా ఝిరాద్ అనే స్త్రీవైద్య నిపుణురాలు చొరవ తీసుకుని ఇలాంటి ప్రగతిశీల సమాజాన్నే మొదలుపెట్టారు, దాని సినగాగ్ పేరు రోదెఫ్ షాలోమ్. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు హీబ్రూ ప్రార్థనలు చేసుకుంటున్నాయి. ఈ ఆఖరి సంగతి చెప్పినప్పుడు మావాళ్ల ముఖాలు ఎలా వెలిగాయో నాకింకా గుర్తు.

పొగడ్త అనుకుని అనే మాటలు కొన్ని గుచ్చుకుంటాయి. "మీవాళ్లు డబ్బు విషయంలో చాలా తెలివైనవాళ్లట" అనకండి. ఆ మాట మీద వాళ్లు వందల ఏళ్లు దెబ్బలు తిన్నారు. నాజీలు యూదులను లక్షలమందిని చంపిన హోలోకాస్ట్‌ను కర్మతో ముడిపెట్టి ఏ వ్యాఖ్యా చేయకండి. ఇజ్రాయెల్ రాజకీయాలు మొదటి పరిచయంలో ఎత్తకండి. ఆ చిన్న హాల్లోనే ఆ విషయం మీద పది రకాల అభిప్రాయాలుంటాయి, ఆ తేడాలతోనే కలిసి బతుకుతున్నారు. క్రైస్తవులైతే "మీరు దేవుడు ఏర్పరచుకున్న ప్రజలు" అన్న ప్రేమతో యేసు ప్రస్తావన తేకండి. ఎంత ప్రేమతో అన్నా, మతం మార్చడానికి వచ్చారేమో అన్న భయం కలుగుతుంది.

చావు ఇంట్లో

ఇది మీరు బాగా తెలుసుకోవాలి. చిన్న సమాజం అంటే ఏమిటో నాకు తెలిసింది ఇక్కడే.

వీలైనంత త్వరగా ఖననం చేస్తారు. పూలు పంపకండి. నేను మొదటి ఏడాది తెలియక పెద్ద గుత్తి పట్టుకెళ్లాను, దాన్ని పెట్టడానికి వాళ్లే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. శ్మశానంలో దగ్గరివాళ్లందరూ తలా ఒక పార మట్టి వేస్తారు. మొదటిసారి పారను బోర్లించి, దాని వీపుతో వేయడం ఆచారం, ఈ పని మామూలు పనిలా చేయడం మనసుకు ఇష్టం లేదని చెప్పడానికి. వేశాక పారను తర్వాతి మనిషి చేతికి ఇవ్వరు, మట్టిలో గుచ్చి పక్కకు తప్పుకుంటారు. మీరు కూడా వేయొచ్చు. వెనక్కి వచ్చేటప్పుడు చేతులు కడుక్కుంటారు. ఇంటి గుమ్మం దగ్గర చెంబుతో నీళ్లు పెట్టి ఉంటే, మనం కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లే పద్ధతి గుర్తొస్తుంది.

తర్వాత ఏడు రోజులు షివా. రిఫార్మ్‌వాళ్లలో కొందరు మూడు రోజులే పాటిస్తారు. తలుపు తాళం వేయరు, బెల్లు కొట్టకుండా లోపలికి వెళ్లండి. అద్దాలకు గుడ్డలు కప్పి ఉండొచ్చు. దుఃఖంలో ఉన్న మనిషి మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి, పక్కన కూర్చోండి. వాళ్లు పోయినవాళ్ల గురించి చెబితే వినండి, మీకు తెలిసిన ఒక జ్ఞాపకం ఉంటే చెప్పండి. మీకు వాళ్లు మర్యాదలు చేయనక్కర్లేదు. మీరే లేచి కాఫీ కలుపుకోండి, నలుగురికీ ఇవ్వండి. భోజనం మీరే తీసుకెళ్లాలి, కానీ ఎవరు ఏ రోజు తేవాలో జాబితా ఒకరి దగ్గర ఉంటుంది, వాళ్లనడిగి వంతు తీసుకోండి. తిరిగి ఇవ్వనక్కర్లేని గిన్నెలో పెట్టండి, మూత మీద పేరు, వేసినవి రాయండి. మన పప్పు బాగా సరిపోతుంది. గుడ్డు, పప్పు వాళ్లకు దుఃఖ భోజనం, గుండ్రంగా ఉండి జీవితం చక్రంలా తిరుగుతుందని గుర్తుచేస్తాయట.

సాయంత్రం అక్కడే ప్రార్థన జరుగుతుంది. పోయినవాళ్ల కోసం చెప్పే కద్దీష్ ప్రార్థన చెప్పాలంటే పదిమంది పెద్దవాళ్లు ఉండాలని సంప్రదాయం, ఆ పదిమందిని మిన్యాన్ అంటారు. ప్రగతిశీల సమాజంలో ఆడవాళ్లూ లెక్కలోకి వస్తారు. రిఫార్మ్‌లో పదికి తక్కువైనా చాలాచోట్ల కానిచ్చేస్తారు, కానీ కొందరికి పది నిండాలన్న పట్టుదల ఉంటుంది. ఒక జనవరిలో భార్య పోయిన పెద్దాయన ఇంట్లో ఇలాగే కూర్చున్నాం. బయట మంచు. ఏడింటికి ప్రార్థన. ఏడున్నరకు తొమ్మిదిమంది. నేను లెక్కలోకి రాను. పెద్దాయన ప్రార్థన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపు చూస్తున్నారు. ఫోన్ చేస్తే, రెండు వీధుల అవతల ఉండే రిటైరైన మందుల షాపాయన, మంచులో కారు తీయలేనన్నారు. నేను వెళ్లి తీసుకొచ్చాను. ఎనభై నాలుగేళ్లు, పైజమా మీదే కోటు తొడుక్కుని వచ్చారు. మెట్లెక్కడానికే అయిదు నిమిషాలు పట్టింది. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవరూ ఏమీ అనలేదు, అందరూ లేచి నిలబడ్డారు. కద్దీష్‌లో చావు అన్న మాటే లేదు, అంతా దేవుడి స్తుతి, అరామిక్ భాషలో. పెద్దాయన గొంతు మధ్యలో ఆగిపోయినప్పుడు మిగతా తొమ్మిదిమందీ అందుకుని నడిపించారు.

మీరు లెక్కలోకి రారని వెనక్కి తగ్గకండి. ఫోన్లు చేయడం, కార్లో తీసుకురావడం, పిల్లల్ని పక్కగదిలో ఆడించడం, ఇవన్నీ చేసేవాళ్లు లేకపోతే ఆ పదిమంది పోగవరు. ఎవరు కారు నడపలేరో, ఎవరికి రాత్రి చూపు ఆనదో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

మీవాళ్ల పేరు ఇవ్వడం

ఏటా పోయిన రోజున దీపం వెలిగించి, ఆ వారం సినగాగ్‌లో పేరు చదివిస్తారు. దాన్ని యార్‌ట్సైట్ అంటారు. మన ఆబ్దికం తిథి ప్రకారం వచ్చినట్టే అది హీబ్రూ నెల తేదీ ప్రకారం వస్తుంది. వాళ్లదీ చంద్రుడి లెక్కే, మన అధికమాసంలాగా పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు ఒక నెల కలుపుతారు. అందుకే చాలా ఏళ్లు వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా, మన దేవీ నవరాత్రులు కలిసే మొదలవుతాయి. 2024లో రెండూ అక్టోబరు 3నే వచ్చాయి. 2025లో నవరాత్రులు మొదలైన సెప్టెంబరు 22 సాయంత్రమే రోష్ హషానా మొదలైంది.

సభ్యుల కుటుంబాల్లో యూదులు కానివాళ్ల పేర్లు కూడా చాలా ప్రగతిశీల సమాజాల్లో చదువుతారు. మీ ఇంటివాళ్లు సభ్యులైతే అడగండి. మొహమాటపడకండి. మా నాన్న పోయింది మార్గశిర బహుళ పంచమి. వాళ్ల కిస్లేవ్ నెలలో ఇరవయ్యో తేదీకి అటూ ఇటూగా పడుతుంది. ఆఫీసులో చెబితే రాసుకున్నారు. ఆ వారం జాబితా చదవాల్సినావిడ గురువారం మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, నాన్న పేరు నన్ను పలకమని, తను పలికి, మళ్లీ నన్ను పలకమని, నాలుగుసార్లు సరిచూసుకున్నారు. ఒత్తు దగ్గర నాలుక తిరగలేదు. శుక్రవారం రాత్రి ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా చదివారు. వెనక వరసలోంచి ఎవరో, పందిరి కట్టిన ఆయన కదా అని పక్కవాళ్లకు చెప్పడం వినపడింది.

పేరును ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఎక్కడ ఒత్తి పలకాలో గీత గీసి, బుధవారంలోగా ఇవ్వండి. చదివేవాళ్లకు సాధన చేసుకోవడానికి ఒక రోజు ఉంటుంది.